మార్జాల క్రోధము: పుట్టుగుణమా, పెంపకమా?

తలుపులు మూసి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని తెలుగువారి సామెత. ఈ మాటను సాధారణముగా మనుష్యులను గురించియే వాడుకొంటాము. అణగిమణగి ఉండే రైతు ఒకనాడు ఎదురు తిరిగినప్పుడు, నోరులేని కోడలు నోరు విప్పినప్పుడు ఈ సామెత జ్ఞాపకము వస్తుంది. కాని సామెతలోని పిల్లిని పిల్లిగానే తీసికొని, ఆ మాటలో ఎంత సత్యమున్నదో విచారించినవారు అరుదు. పిల్లికి కోపము ఎందుకు వస్తుంది? అది దాని రక్తములో ఉన్న గుణమా, లేక మనము దానికి నేర్పిన గుణమా? ఈ ప్రశ్నకు మన పూర్వగ్రంథములలోను, గడచిన నూటయేబది సంవత్సరములకు పైగా సాగుతున్న శాస్త్రపరిశోధనలలోను దొరికే సమాధానమును ఈ ప్రసంగములో మనవి చేస్తాను.

ఖమ్మము జిల్లాలోని బోనకల్ ప్రాంతమువారికి ఇది వినోదమునకు వేసుకొనే ప్రశ్న కాదు. ఒకవైపు నాగార్జునసాగరము ఎడమకాలువ నుండి చీలివచ్చిన బోనకల్ బ్రాంచి కాలువ, దాని క్రింద వరి, మొక్కజొన్న, మిరప, ప్రత్తి చేలు. మరియొకవైపు ఈశాన్యముగా పోయినకొద్దీ కొత్తగూడెము, పాల్వంచలను దాటి భద్రాచలము అడవులు. పంట ఇంటికి చేరినచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నచోటికి పిల్లి పిలువకుండానే వస్తుంది. ఇంటి చూరు క్రింద ఇంటిపిల్లి కాపురముంటే, కాలువగట్టున జమ్ములోను తుప్పలలోను జంగుపిల్లి తిరుగుతుంది. అందుచేత ఇంట పెరిగిన పిల్ల ఎవరినైనా గీరినా, కరచినా, “ఇది అడవిజాతి, దీని బుద్ధి ఇంతే” అనడము తేలిక. తరువాత జరిగే పని కూడ అందరికీ తెలిసినదే. దానిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, ఊరవతల కాలువకు ఆవల విడిచివస్తారు. నేరము జాతిమీద మోపబడినది, శిక్ష పిల్లికి పడినది. ఆ తీర్పు న్యాయమైనదేనా అన్నది మన విచారణ.

మొదట మన పూర్వులు పిల్లిని ఎట్లు చూచినారో గమనించుదాము. అమరసింహుడు తన నిఘంటువులో పిల్లికి ఐదు పేర్లు చెప్పినాడు: ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు. వీనిలో మార్జారమన్న పేరునకు వైయాకరణులు తుడుచుకొనుట, శుభ్రపరచుకొనుట అన్న ధాతువును మూలముగా చెప్పుతారు. గడపమీద కూర్చుండి ముంజేతిని నాకి ముఖము తుడుచుకొనే పిల్లిని చూచిన ఎవరికైనా ఈ పేరు సార్థకమని తోస్తుంది. వృషదంశకమనగా ఎలుకను కరచునది. ఆఖుభుక్కు అనగా ఎలుకను తినునది. ఒక పేరు దాని సాధుత్వమును, రెండు పేర్లు దాని కోరను చెప్పుతున్నవి. కాని ఆ కోర ఎవరిమీదనో కూడ ఆ పేర్లే స్పష్టము చేస్తున్నవి. మనిషిని కరచునది అన్న అర్థము వానిలో లేదు.

మహాభారతము శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన ఒక కథ ఈ విషయమున ఇంకను లోతైనది. లోమశమను పిల్లి వేటకాని వలలో చిక్కుకొంటుంది. ఆ చెట్టు మొదటనే పలితమను ఎలుక ఉంటుంది. శత్రువు చిక్కినదని సంతోషముతో బయటికి వచ్చిన ఎలుకకు నేలమీద ముంగిస, కొమ్మమీద గుడ్లగూబ ఎదురవుతవి. అప్పుడది ఆలోచించి, వలలోని పిల్లితోనే సంధి చేసికొని దాని ఒడిలో దాగి ప్రాణము దక్కించుకొంటుంది. వల కొరుకుతానని మాట ఇచ్చినా, వేటకాడు కంటికి కనబడేదాక చివరి త్రాటిని కొరుకదు. ఆపద గడచిన తరువాత స్నేహము కొనసాగించుదామని పిల్లి ఎంత పిలిచినా కలుగు విడిచి రాదు. ఇది రాజనీతికై చెప్పిన కథ. అయినా దీనిలో జంతుశాస్త్రము కూడ ఉన్నది. ప్రాణభయములో ఉన్న పిల్లి వేరు, ఆకలిగొన్న పిల్లి వేరు అని ఆ ఎలుక ఎరుగును. జంతువు ఒక్కటే, జాతి ఒక్కటే. దాని నడవడిని నిర్ణయించినది అది ఆ క్షణమున ఉన్న స్థితి.

ఇక ఈ జంతువు మన ఇంటికి ఎక్కడినుండి వచ్చినది? సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 సంవత్సరములనాటి ఒక సమాధిలో మనిషి ప్రక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరము బయటపడిన సంగతి 2004లో లోకమునకు తెలిసినది. మన ఉపఖండమున సింధు దేశములోని చన్హుదారోలో 1935–36 సంవత్సరములలో మెకే దొర జరిపిన త్రవ్వకములలో ఒక చిత్రమైన ఇటుక దొరకినది. పచ్చిగా ఉన్నప్పుడు దానిమీదుగా ఒక పిల్లి పరుగెత్తినది, దాని అడుగులవెంట కుక్క పరుగెత్తినది. రెండిటి అడుగుజాడలు ఇటుకతోబాటు కాలి నిలిచిపోయినవి. వీధిలో నిత్యము చూచే తగవు నాలుగువేల ఏండ్ల క్రిందటి మట్టిలో అచ్చుపడినదన్నమాట. 2007లో ఇంటిపిల్లులును అడవిపిల్లులును కలిపి 979 జంతువుల జన్యుపదార్థమును పోల్చిచూచిన శాస్త్రజ్ఞులు, ప్రపంచములోని ఇంటిపిల్లులన్నిటికిని మూలము పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లియే అని తేల్చినారు. కనుక మన చూరుక్రింది పిల్లి మన జంగుపిల్లి సంతానము కాదు. అది ధాన్యమువెంట, ఎలుకలవెంట, ఓడలవెంట, బండ్లవెంట పశ్చిమదిశనుండి నడచివచ్చిన అతిథి.

అయితే “ఇది అడవిజాతి” అన్న మన పల్లెటూరి మాట బొత్తిగా నిరాధారమా? కాదు. దీనికి తెలుగుదేశముతో సంబంధమున్న ఒక సాక్షి కలడు. 1845లో అమరావతి స్తూపమువద్ద త్రవ్వకములు జరిపించిన వాల్టర్ ఇలియట్ పేరు చరిత్ర చదివినవారికి పరిచితమే. ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన ఈ అధికారి శాసనములు, నాణెములతోబాటు పశుపక్ష్యాదులను కూడ శ్రద్ధగా పరిశీలించేవాడు. తాను మద్రాసు సమీపమున ఒకసారి చంపిన అడవిపిల్లి కూనలు ఇంటిపిల్లికిని జంగుపిల్లికిని పుట్టిన సంకరసంతానమని స్పష్టముగా కనబడినవని ఆయన డార్విన్‌కు తెలియజేసినాడు. డార్విన్ ఈ సంగతిని 1868లో ప్రచురించిన తన గ్రంథములో, పెంపుడు జంతువులలో కలిగే మార్పులను వివరించుచు, ఉదాహరించినాడు. కలకత్తా మ్యూజియములో ఉండిన ఎడ్వర్డ్ బ్లైత్ కూడ హిందూదేశపు పిల్లులలో అడవిపిల్లుల రక్తము కలసినదనియే భావించినాడు. అటువంటి కలయిక అక్కడక్కడ జరుగగలదు. కాని నేటి జన్యుపరిశోధనలనుబట్టి చూస్తే మన ఇంటిపిల్లుల వంశమునకు అది మూలము కాదు. కరచిన పిల్లనెల్ల జంగుపిల్లి బిడ్డ అనడము సాక్ష్యము లేని అభియోగమే అవుతుంది.

ఇప్పుడు కోపమన్నది ఏమిటో కొంత విడదీసి చూడవలెను. పిల్లి ఎలుకను పట్టే తీరును గమనించండి. శబ్దము లేదు, గుర్రుమనుట లేదు, వెండ్రుకలు నిక్కుట లేదు. నేలకు అంటుకొని, కన్ను కదలకుండ, తోకకొన మాత్రము కదలించుచు పొంచి ఉంటుంది. కుక్క ఎదురైనప్పుడు తీరు వేరు. వీపు విల్లువలె వంగుతుంది, తోక ఉబ్బుతుంది, చెవులు తలకు అంటుకొంటవి, బుసకొడుతుంది. ఈ రెండును ఒకే గుణము కావు. జూరిచ్ నగరములో వాల్టర్ హెస్ పిల్లుల మెదడులోని లోపలి భాగములకు సూక్ష్మమైన విద్యుత్ ప్రవాహమును పంపి, ఒక స్థానమును తాకినప్పుడు రోషమును పుట్టించగలిగినాడు. మెదడుపై చేసిన ఆ పరిశోధనలకు ఆయనకు 1949లో నోబెల్ బహుమానము లభించినది. 1962లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాస్‌మన్, ఫ్లిన్ అను పరిశోధకులు ఇంకొక అడుగు ముందుకు వేసి, నిశ్శబ్దముగా కరచే వేటకును, బుసకొట్టి మీదపడే రోషమునకును మెదడులో వేరువేరు స్థానములు ఉన్నట్లు చూపినారు. వేట ఆకలికి సంబంధించినది. రోషము చాలవరకు భయమునకు సంబంధించినది. సామెతలోని తలుపుల అర్థము ఇక్కడ బోధపడుతుంది. పారిపోవుటకు దారి ఉన్నంతవరకు పిల్లి పారిపోతుంది. దారి మూసినప్పుడే అది పులి అవుతుంది.

వేటగుణము మనకు ఉపకారమే చేసినది. 1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు దేశమంతట వ్యాపించి, 1911లో హైదరాబాదు నగరమును కూడ భయపెట్టినది. ఆ కాలమున బేరారు ప్రాంతములో వైద్యాధికారిగా ఉన్న ఆండ్రూ బుకనన్, పిల్లులు సమృద్ధిగా ఉన్న గ్రామములలో ప్లేగు తక్కువగా ఉన్నదని 1908లో వ్రాసి, ఇంటింట పిల్లిని పెంచుమని వాదించినాడు. పిల్లికి కూడ ఆ వ్యాధి సోకగలదు కనుక ఆయన చెప్పిన ఉపాయము సంపూర్ణమైనది కాదు. అయినా గాదె ఉన్న ఇంటికి పిల్లి కోర ఎంత విలువైనదో ఆ వాదము తెలుపుతున్నది. ఎలుకమీద ఆ కోర వాడినందుకు మెచ్చుకొని, అదే జంతువు భయపడి గీరినందుకు క్రూరజాతి అనడములో కొంత అన్యాయమున్నది.

జాతి, జాతి అని అనుకొంటున్నాము. పిల్లులలో జాతులన్న భావనయే చాల ఇటీవలిది. 1871లో లండను క్రిస్టల్ పాలెస్‌లో హారిసన్ వియర్ ఏర్పాటు చేసిన ప్రదర్శనతో పిల్లులను రంగునుబట్టి, రోమమునుబట్టి విభజించి బహుమానములిచ్చే ఆచారము వ్యాప్తిలోనికి వచ్చినది. పర్షియన్, సయామీ, అబిసీనియన్ మొదలైన పేర్లతో వంశావళులు వ్రాసి పెంచడము అటుపిమ్మట బలపడినది. కావాలని అడవిరక్తమును కలిపిన జాతి కూడ ఒకటి ఉన్నది. ఆసియా అడవులలోని చిరుతపిల్లిని ఇంటిపిల్లితో కలిపే ప్రయత్నమును 1963లో అమెరికాలో జీన్ మిల్ అను ఆమె ఆరంభించినది. దానినుండి క్రమముగా బెంగాల్ అను జాతి ఏర్పడినది. అడవి పూర్వీకునికి దగ్గరగా ఉన్న తరములు ఇంటిలో పెంచుటకు తగవనియు, కనీసము నాలుగు తరములు గడచినవానినే పెంపుడు పిల్లులుగా ఎంచవలెననియు పెంపకందారులే నియమము పెట్టుకొన్నారు. మన గ్రామములలోని నాటుపిల్లులకు ఇట్టి వంశావళి ఏదియు లేదు.

ఆ జాతులమధ్య స్వభావభేదము ఉన్నదా అంటే, ఉన్నదనియే చెప్పవలెను. ఫిన్లాండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయమువారు 4,300కు పైగా పిల్లులను గురించి యజమానులనుండి వివరములు సేకరించి 2021లో ఫలితములు ప్రకటించినారు. రష్యన్ బ్లూ అను జాతి అన్నిటికంటె భయస్థురాలు, అబిసీనియన్ అన్నిటికంటె నిర్భయమైనది. టర్కిష్ వాన్ అను జాతి మనుష్యులపట్ల కోపములో మిగిలినవానికంటె గణనీయముగా ముందున్నది. అడవిరక్తము కలసిన బెంగాల్ అన్నిటికంటె చురుకైనదిగా తేలినది. క్రోధములో ప్రథమస్థానము మాత్రము దానిది కాదు. అదే విశ్వవిద్యాలయమువారు 2019లో ప్రకటించిన మరియొక పరిశీలన ప్రకారము, ఒకే జాతిలోని పిల్లులమధ్య కనబడే స్వభావభేదములలో సుమారు సగము పుట్టుకకు సంబంధించినది. కనుక రక్తమునకు పాత్ర లేదని చెప్పుట సత్యము కాదు. మిగిలిన సగము మాట ఏమిటి? మన బాధ్యత అంతయు ఆ సగములోనే ఉన్నది.

ఆ సగమును గురించి తెలిసిన సంగతులు చాల స్పష్టమైనవి. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయములో ఐలీన్ కార్ష్ 1980 ప్రాంతమున జరిపిన పరిశోధనలలో, పుట్టిన రెండవ వారమునుండి ఏడవ వారమువరకు పిల్లిపిల్లకు మనిషిచేతి స్పర్శ తెలిసినచో అది జీవితాంతము మనుష్యులను నమ్ముతుందని తేలినది. ఆ వారములు దాటిన తరువాత మచ్చిక చేయుట కష్టము. సాండ్రా మెక్‌యూన్ 1995లో ప్రకటించిన పరిశోధనలో తండ్రి స్వభావమునకు కూడ పాత్ర ఉన్నదని వెల్లడియైనది. తండ్రి నిర్భయమైనదైతే, పిల్లలు దాని ముఖము చూడకపోయినను, క్రొత్తవానిని సమీపించుటలో ధైర్యము చూపినవి. 2017లో హెల్సింకీవారే 5,726 పిల్లులపై జరిపిన పరిశీలనలో ఇంకొక ముఖ్యమైన సంగతి బయటపడినది. ఎనిమిది వారములకు ముందే తల్లినుండి వేరుచేసిన పిల్లలలో తరువాత కోపస్వభావము అధికముగా ఉన్నది. పదునాలుగు వారములు నిండిన తరువాత వేరుచేసినవి మెరుగుగా ఉన్నవి.

ఇప్పుడు మన ఆచారమును ఒకసారి తలచుకొనండి. ఎలుకలు పెరిగినవని ప్రొరుగింటినుండియో, పొరుగూరినుండియో పిల్లిపిల్లను తెచ్చుకొంటాము. నెల నిండినదో లేదో చూడము. సంచిలో వేసి తెస్తాము, కాలికి త్రాడు కట్టి గుంజకు బిగిస్తాము, పిల్లలు చుట్టుమూగి తోక పట్టి లాగుతారు. తల్లి నేర్పవలసిన విద్యలో ముఖ్యమైనది, ఆటలో ఎంతవరకు కరువవచ్చును, ఎప్పుడు గోరు లోనికి ముడువవలెను అన్నది. తల్లి మందలింపువలన, తోబుట్టువుల అరుపువలన అది నేర్చుకొంటుంది. ఆ పాఠశాలనుండి మధ్యలో లాగికొనివచ్చి, తరువాత దానికి మర్యాద తెలియదని నింద వేస్తున్నాము.

తల్లిపిల్లి విద్యను మన పెద్దలు చక్కగా గమనించినారు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పుతుందని సామెత. ప్రమాదము శంకించినప్పుడల్ల అది వానిని నోట కరచుకొని క్రొత్తచోటికి మార్చుతుంది. శ్రీవైష్ణవాచార్యులు భగవంతుని రక్షణను వివరించుటకు మార్జాలకిశోర న్యాయమును గ్రహించినారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనవలెను. పిల్లికూనను తల్లియే పట్టుకొంటుంది. భద్రాచలములో ప్రవచనము విన్నవారికి ఈ దృష్టాంతము క్రొత్త కాదు. కాని దానిలోని ఒక సూక్ష్మమును మరవరాదు. ఎలుక మెడను విరిచే కోరలును, కూన మెడను నొప్పి కలుగకుండ పట్టే కోరలును ఒక్కటే. కోర క్రూరము కాదు, సౌమ్యము కాదు. అది ఏ భావముతో మూసుకొన్నదో అదియే ముఖ్యము.

తెనాలి రామకృష్ణుని పిల్లికథ కూడ ఇక్కడ చెప్పదగినది. శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధ తీర్చుటకు అందరికి పిల్లులను పంచి, వానికి పాలకై ఆవులను ఇచ్చినాడట. రామకృష్ణుడు మొదటిదినముననే సలసల కాగే పాలు ముందుంచినాడు. మూతి కాలిన పిల్లి నాటినుండి పాలగిన్నెను చూస్తేనే పరుగు లంకించుకొన్నది. ఇది జనులు కల్పించుకొన్న కథయే గాని రాయల చరిత్ర కాదు. మనము ఈ కథకు నవ్వి, పాలన్నియు కవిగారు త్రాగినారని ఆనందిస్తాము. పిల్లి వైపునుండి చూస్తే నవ్వు రాదు. పాలంటే ఇష్టపడే జంతువుకు పాలంటేనే భయము పుట్టించుటకు ఒక్క అనుభవము చాలినది. చేతిని చూచి బుసకొట్టే పిల్లి కూడ ఏదో ఒకనాడు ఆ చేతినుండి కాగిన పాలు త్రాగినదే.

కనుక చేయవలసిన పని కష్టమైనది కాదు. కూనను కనీసము రెండు నెలలు, వీలైతే మూడు నెలలు తల్లివద్దనే ఉండనీయవలెను. ఆ కాలములో దినమునకు కొంతసేపు మెల్లగా చేతిలోనికి తీసికొనవలెను. చెవులు వెనుకకు పోయినప్పుడు, తోక నేలకు కొట్టుకొన్నప్పుడు దానిని విడిచిపెట్టవలెను. అది మనిషికి చెప్పే మర్యాదపూర్వకమైన మొదటి హెచ్చరిక. మూలకు నెట్టి కొట్టరాదు. గండుపిల్లుల రాత్రి పోరాటములు శస్త్రచికిత్సవలన చాలవరకు తగ్గునని 1973లోనే అమెరికాలో నిరూపించినారు. నేడు పశువైద్యులు ఈ చికిత్స చేస్తున్నారు. అయినను పిల్లి కరచినా, గోరుతో రక్తము వచ్చునట్లు గీరినా ఉపేక్షించరాదు. గాయమును వెంటనే సబ్బుతో, పారే నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా విషయము అడుగవలెను. కుక్కకాటును భయపడినంతగా పిల్లికాటును మనము భయపడము. ఆ వ్యాధికి మాత్రము ఈ భేదము లేదు. ఇక కాలువగట్టున తిరిగే జంగుపిల్లి సంగతి వేరు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణలో ఉన్న స్వతంత్ర జంతువు. దాని కూనను తెచ్చి పెంచరాదు, దానిని చంపరాదు. కోళ్ళగూటికి గట్టి తలుపు పెట్టుకొనుటయే దానికి తగిన సమాధానము.

జాతినిబట్టి గుణము నిర్ణయించుట మనిషికి పాత అలవాటు. అది పిల్లుల విషయముననే ఆగినదని కూడ చెప్పలేము. పుట్టుక ఇచ్చేది సగమే అని శాస్త్రము చెప్పినప్పుడు, మిగిలిన సగమునకు ఉత్తరవాదులము మనమే అవుతాము. సంచి మూతి బిగించి కాలువదారి పట్టేముందు ఒక్కక్షణము ఆగి, ఆ పిల్లను ఎన్నవ వారమున తెచ్చితిమి, దానికి ఏమి నేర్పితిమి అని తలచుకొంటే, ఆ సంచి విప్పవలసి రావచ్చును. సామెతలో పిల్లిని పులిని చేసినది పిల్లి కాదు. తలుపులు మూసినవాడు.